ఈశాన్య స్థిరాంకం

రైల్లో పక్కన కూర్చుని మన పేపరు చదివేవాళ్ళ మీద నాకు పగేమీ లేదు. కొన్నది ఒకరు, చదివేది ఇద్దరు. ఇంతకన్నా అన్యాయమైన పంపకాలు మా బంధువుల్లోనే చూశాను. నా ఫిర్యాదల్లా ఒకటే. వాళ్ళు నాకన్నా నెమ్మదిగా చదువుతారు. పేజీ తిప్పబోతే చిన్నగా దగ్గుతారు. మొన్న తణుకు నుంచి లింగంపల్లి దాకా నా భుజం పక్కన ఒక పెద్దమనిషి తల అలా దగ్గుతూనే ఉంది. ఆ తల ఉన్నంతసేపూ నేను ఒకే వార్త మళ్ళీ మళ్ళీ చదివాను. అది దేని గురించో ఇప్పటికీ తెలీదు. ఆయన మాత్రం దిగేముందు, "ఈమధ్య పేపర్లో ఏమీ ఉండట్లేదండీ" అని తేల్చేసి వెళ్ళాడు.

హైదరాబాదు వెళ్ళేవాళ్ళు మామూలుగా ఉద్యోగానికో, పెళ్ళికో, ఒంట్లో బాగోకో వెళ్తారు. నేను నా కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాను. డాక్టరుకి కాదు, కంప్యూటరుకి.

చందానగర్

మా అక్క, ఆమె కూతురు లావణ్య చందానగర్‌లో ఉంటారు. స్టేషను దగ్గర ఆటో అతను నన్ను ఎగాదిగా చూసి, "ఆంధ్ర నుంచి వచ్చిన్రా సార్?" అన్నాడు. ఎలా తెలిసిందన్నాను. "కిరాయి చెప్పంగనే 'ఏమండీ' అన్నరు గదా. ఈడోళ్ళయితే సగం చేసి అడుగుతరు" అన్నాడు. సగం చేసి అడిగాను. "ఇప్పుడడిగితే ఏం లాభం సార్" అని పూర్తిగా తీసుకున్నాడు.

చందానగర్ బజారు మా తణుకు బజారులాగే ఉంటుంది, నాలుగు తణుకుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చితే. జామకాయల బండి మీద ధర విని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అదే కాయ మా ఇంటి వెనక కాకులు సగం కొరికి వదిలేస్తాయి. వాటికి మార్కెట్టు సంగతి తెలీదు.

రాత్రి భోజనాల దగ్గర లావణ్య నాకు పని అప్పజెప్పింది. ఆ పిల్ల కొండాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేస్తోంది. మనిషి చదివేటప్పుడు కన్ను ఎలా కదులుతుందో కెమెరాతో పట్టి, ఆ కదలికకు లెక్క కట్టడం వాళ్ళ వ్యాపారం.

"మన కన్ను వరస మీద జారదు మావయ్యా, గెంతుతుంది. పిచ్చుక గింజలు ఏరినట్టు. ఒక మాట మీద పావు సెకను ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. గెంతేటప్పుడు దానికి ఏమీ కనపడదు."

అంటే చదివినంతసేపూ మనం మధ్యమధ్యలో గుడ్డివాళ్ళమే. పాతికేళ్ళుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతూ వాళ్ళ జవాబు పత్రాలు దిద్దుతున్నవాణ్ణి, నాకు ఆ అనుమానం ముందునుంచీ ఉంది.

ఇక లెక్క సంగతి. కన్ను ఇప్పుడు ఎక్కడుందో చూసి, తర్వాత ఎటు గెంతుతుందో సంభావ్యత చెప్పాలి. అంతకుముందు అది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో పట్టించుకోనక్కర్లేదు. ఉన్నచోటు తప్ప గతమంతా మరిచిపోయే ఈ గుణం మా కాలేజీ యాజమాన్యానికి కూడా ఉంది కనుక నాకు తొందరగానే అర్థమైంది.

వాళ్ళ క్లయింటుది తెలుగు వార్తల యాప్. ప్రకటన పేజీలో ఎక్కడ పెడితే జనం చూస్తారో ఆయనకు కావాలి. లావణ్య మోడల్ అది చెబుతుంది. కానీ అందులో కొలిచిన కళ్ళన్నీ ఆ ఆఫీసువాళ్ళవే, ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చున్నవాళ్ళవి. "బయటి కళ్ళు కూడా చూపించండి, శుక్రవారం వస్తాను" అన్నాడట క్లయింటు. బయటివాడంటే ఆ పిల్లకి మేనమామ గుర్తొచ్చాడు.

"శుక్రవారం డెమో సరిగ్గా జరిగితేనే దీని ఉద్యోగం పర్మనెంటు" అంది అక్క, నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ. "జాగ్రత్తగా చూడరా కొంచెం."

పరీక్షలకి అందరూ జాగ్రత్తగా రాయమంటారు. జాగ్రత్తగా చూడమని మా అక్కే అంది.

కొండాపూర్, గాజు గది

ఆ భవనంలో లిఫ్టుకి లోపల మీటలుండవు. బయటే అంతస్తు నొక్కితే ఏ లిఫ్టు ఎక్కాలో అదే చెబుతుంది. ఎక్కాక మనసు మార్చుకునే సౌకర్యం లేదు. మా రోజుల్లో పెళ్ళిచూపులు ఇలాగే జరిగేవి.

లోపల అన్నీ గాజు గోడలే. ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ కనపడుతుంది, అందుకని అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. ఇంకో ఆచారం ఏమిటంటే ఎవరూ ఎవర్నీ 'సార్' అనరు. వాళ్ళ మేనేజరు పేరు శ్రీశైలం. నలభై దాటిన మనిషి, ఇరవై మూడేళ్ళ పిల్లలు 'శ్రీ' అంటారు. మా కాలేజీలో ప్రిన్సిపాల్ని 'సార్' అని పిలిచి, ఆయన చెప్పింది ఒక్కటీ చెయ్యం. ఇక్కడ పేరు పెట్టి పిలిచి, చెప్పకముందే చేస్తున్నారు.

ఆ రోజు నాకు ఆయన్ని కలిసే భాగ్యం కలగలేదు. ఫోన్లో ఉన్నాడట. లావణ్యే నన్ను కూర్చోబెట్టి, గడ్డం ఒక పీట మీద ఆనించమంది. ఎదురుగా మెరిసే పెద్ద తెర, కింద నల్లటి పట్టీ. అందులోంచి కంటికి కనపడని వెలుతురు పడుతుందట, కెమెరా నా కనుపాపల్ని చూస్తుందట. ముందు ఒక చుక్క తెరంతా తిరిగింది. దాన్నే చూస్తుండాలి.

"తల ఊపకు మావయ్యా."

"ఊపట్లేదే."

"ఇప్పుడు కూడా ఊపావు."

మాట్లాడకుండా తల ఊపకుండా ఉండటం కష్టం కాదు. మాట్లాడుతూ ఊపకుండా ఉండటం మన జిల్లాలో ఎవరివల్లా కాదు. చివరికి చుక్క కుదిరింది. తెర మధ్యలో తెల్ల పేజీ వచ్చింది, చుట్టూ నల్లటి అంచు. పేజీలో బెండకాయల సాగు గురించిన వార్త. పక్కన ఎవరూ దగ్గలేదు కనుక హాయిగా చదివేశాను.

ఫలితం చూసి లావణ్య మొహం మాడింది.

కన్ను ఎక్కువసేపు ఆగినచోట ఎర్రగా చూపించే పటం ఒకటి గీస్తారు. ఆఫీసువాళ్ళ పటాలన్నిటిలో వార్త మీద ఉండాల్సిన మరకలు ఉన్నాయి. వాటితోపాటు కుడివైపు పై మూల, పేజీ దాటి, ఏమీ లేని నల్లటి అంచు మీద గోరింటాకు పెట్టినట్టు ఇంకో మరక ఉంది. అందరికీ ఉంది. నాకు లేదు.

"అక్కడ ఏముందే?"

"ఏమీ లేదు. అదే కదా విశేషం." లావణ్య గొంతు తగ్గించింది. "శ్రీ కనిపెట్టాడు. పేజీని పటంగా అనుకుంటే పైన ఉత్తరం, కుడివైపు తూర్పు. ఆ మూల ఈశాన్యం. తరతరాల వాస్తు అలవాటు వల్ల తెలుగువాడి కన్ను ఈశాన్యానికి లాగుతుందని ఆయన సిద్ధాంతం. మోడల్‌లో ఆ లాగుడికి ఒక అంకె పెట్టాం. ఈశాన్య స్థిరాంకం. అది తీసేస్తే లెక్క కుదరదు, పెడితే అద్దంలా కుదురుతుంది."

క్లయింటు ప్రకటనలన్నీ ఆ మూలే పెట్టమని సలహా ఇవ్వబోతున్నారట. స్లైడు కూడా తయారైంది, కలశం బొమ్మతో.

సాయంత్రం అక్కకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఇల్లు కట్టినప్పుడు ఈశాన్యంలో బాత్రూము వద్దురా అంటే విన్నావా" అంది.

కళ్ళజోళ్ళ దుకాణం

శ్రీ ఫోన్లో లావణ్యకు చెప్పిన మాట ఇది: "మీ అంకుల్‌కు కండ్లు ఒక్కసారి చెక్ చేపియ్యి." లెక్క కుదరకపోతే మనిషిని అనుమానించడం మా శాస్త్రంలో కొత్తేమీ కాదు. కొండాపూర్‌లో ఒక దుకాణంలో కూర్చున్నాను. అద్దాలాయన అక్షరాలన్నీ చదివించి, "కండ్లు మస్తు మంచిగున్నయ్ సార్. ఫ్రేమే జర పాతగుంది" అన్నాడు. కళ్ళు బాగున్నాయని తెలుసుకోడానికి పద్దెనిమిది వందలైంది. బాగోలేకపోతే ఎంతయ్యేదో అడగలేదు.

కొత్త ఫ్రేముతో రెండోసారి పరీక్షకు వెళ్ళాను. ఈసారి శ్రీ స్వయంగా ఎదురొచ్చాడు. నవ్వుమొహం, గళ్ళ చొక్కా, మెడలో ఐడీ కార్డు. సిద్దిపేట వైపు మనిషి. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాండ్రి సార్, రాండ్రి. మీ కోసమే చూస్తున్న. లావణ్య మంచిగ పని చేస్తది. శుక్రవారం డెమో అయిపోతే ఆమె కన్ఫర్మేషన్ నేనే పంపిస్త. మీరేం ఫికర్ పడకుండ్రి, ఫ్రీగ చదువుండ్రి."

ఫ్రీగా చదవమని చెప్పి, నా వెనకాల హాలు దాటి తన గాజు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను గడ్డం ఆనించాను. బెండకాయల తర్వాత ఈసారి చేపల చెరువులు. మొదటి వరస చదివాను. అప్పుడు కనపడింది.

తెర మీద, నల్లటి అంచులో, కుడివైపు పై మూల ఒక చిన్న వెలుగు. వెలుగు కింద ఒక తల. మొన్న కూడా అది అక్కడే ఉంది. కుండీలో మొక్క నీడేమో అనుకుని మళ్ళీ చూడలేదు. ఇప్పుడు ఆ మొక్క ఎవరో తెలుసు, నా వెనక గాజు గదిలో కూర్చున్న శ్రీ నీడ తెరలో పడుతోంది. మా మేనకోడలి ఉద్యోగం ఆ మొక్క చేతిలో ఉందని కూడా తెలుసు. నేను చేపల మీదికి కన్ను తిప్పాను. కన్ను మూలకి వెళ్ళింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ వెళ్ళింది. నవ్వుతున్నాడా, ఫోను చూస్తున్నాడా, నన్నే చూస్తున్నాడా.

పరీక్ష అయ్యాక శ్రీ పరుగున వచ్చాడు. నా పటంలో ఈశాన్యాన ఎర్రటి మరక, అందరికన్నా పెద్దది.

"చూసిన్రా సార్. రెండు రోజులకు కండ్లు సెట్టయినయ్."

ఇరానీ టీ

బయట సందులో ఇరానీ హోటలుంది. మా ఊళ్ళో టీ తాగితే లేస్తాం. అక్కడ టీ తాగితే కూర్చుంటాం. ఉస్మానియా బిస్కెట్టు ముంచి తీసేలోపు సగం కప్పులో పడిపోయింది. దాన్ని చెంచాతో వెతుకుతూ లావణ్యకి విషయం చెప్పాను. రైల్లో దగ్గిన పెద్దమనిషి గురించి కూడా చెప్పాను. పక్కన తల ఉంటే కన్ను అక్షరం మీద నిలవదు, ఆ తల దగ్గక్కర్లేదు కూడా.

లావణ్య తన కప్పు పక్కకి జరిపింది.

"మోడల్ తప్పు కాదన్నమాట" అంది.

"మోడల్ ఎందుకు తప్పవుతుంది. నిక్షేపంలా ఉంది. కాకపోతే మీరు కొలిచింది వాస్తుని కాదు, శ్రీని."

"ఇప్పుడు చెప్పకపోతే రేపు ప్రకటనలు ఆ మూల పెడతారు. ఇళ్ళలో జనం ఫోన్లో చదువుతారు, వాళ్ళకి శ్రీ కనపడడు. ఎవరూ చూడరు. అప్పుడు తప్పెవరిది, మోడల్ కట్టినదాన్నే అడుగుతారు. చెబితే... రుజువేది? మీ మొహం చూసి భయపడుతున్నాం అని మా మావయ్య అంటున్నాడని చెప్పనా?"

తెర తిప్పెయ్యమన్నాను. బల్లకి బిగించేశారట, విప్పాలంటే అర్జీ పెట్టాలి, వారం పడుతుంది. గాజుకి చార్టు అంటించమన్నాను. "ఎందుకు అంటించావని ఆయనే వచ్చి అడుగుతాడు" అంది. ఆయన లేని రోజు మళ్ళీ కొలవమన్నాను. ఆయన సెలవు పెట్టడట. మధ్యాహ్నం అన్నం కూడా డబ్బా తెచ్చుకుని ఆ గదిలోనే తింటాడట.

"అయితే ఆయన్ని రెండు గంటలు బయటికి తీసుకుపోవాలి. కుర్చీ ఒక్కటే ఖాళీ కావాలి. లైటు మాత్రం ఆర్పొద్దు" అన్నాను. "అప్పుడు మరక పోతే లైటు వల్ల కాదని తేలుతుంది."

లావణ్య నన్ను చూసింది. ఆ చూపుకి కెమెరా అక్కర్లేదు.

గోపన్‌పల్లి

గురువారం శ్రీకి ఫోను చేసి, "భోజనానికి వెళ్దామా, మీ వైపు తిండి ఎప్పుడూ సరిగా తినలేదు" అన్నాను. పని ఉందంటాడేమో అనుకున్నాను. "కారు తీస్త, కిందికి రాండ్రి" అన్నాడు.

దారిలో ఆపకుండా మాట్లాడాడు. గోపన్‌పల్లిలో ఫ్లాటు కొన్నాడట. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు ఊరి పేరు మీద అపార్టుమెంట్లు. వాటి వెనకాల రేకుల షెడ్డులో ఒక మెస్సుంది. జొన్నరొట్టె, నాటుకోడి కూర, బగారన్నం. మా గోదావరి జిల్లాలో అతిథికి తినిపించేటప్పుడు బతిమాలతాం. ఇక్కడ బతిమాలరు, వేసేస్తారు. వడ్డించే ఆవిడ నేను వద్దని చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి పక్కన వేసింది. "తినుర్రి సార్, మల్ల మీ ఊర్ల ఏడ దొరుకుతది" అంది. కారం గురించి నేనేమీ అనను. కళ్ళ పరీక్ష ఆ రోజు ఉంటే చుక్క ఒకటి కాదు, మూడు కనపడేవి.

"మా టీం నా ఫ్యామిలీ అన్నట్టు సార్" అన్నాడు శ్రీ, రొట్టె తుంచుతూ. "నా ఫస్ట్ జాబ్‌ల బాస్ ఎట్లుండెనో తెలుసా? పిల్లిలెక్క వచ్చి ఎనకాల నిలవడుతుండె. నేను కోడ్ రాసేటప్పుడు వేళ్ళు వణుకుతుండె. గప్పుడే అనుకున్న, నేను గట్ల కావొద్దని. అందుకే నా క్యాబిన్‌కు గాజు పెట్టమన్న. దాచుడు లేదు, ఎనక నుంచి వచ్చుడు లేదు. నేను ఏడున్ననో అందరికి కనపడాలె. భయమెందుకు ఉంటది?"

నేను నాటుకోడి ఎముక మీద దృష్టి పెట్టాను.

జేబులో ఫోను కదిలింది. లావణ్య. "ఇంకో అరగంట ఆపు." ఇంకో రొట్టె అడిగాను. నా జీవితంలో మూడో జొన్నరొట్టె అది, మూడూ ఆ పూటవే.

"ఒకటి చెప్పాల్నా సార్? ఎవ్వరికి చెప్పలే." శ్రీ ముందుకు వంగాడు. "నేను కూడ ఒకరోజు ఆ తెర ముంగట కూసున్న. నా కన్ను ఈశాన్యం దిక్కు పోలే. నా డేటా తీసేసిన. ఎక్స్‌పరిమెంట్ చేసేటోడే కూసుంటే కరెక్ట్ రాదు గదా. నాది, మీ ఫస్ట్ రోజుది, రెండే రాలే."

ఇద్దరి కన్నే ఆ మూలకి పోలేదు. ఒకరికి ఆ తల ఎవరిదో తెలీదు. ఇంకొకరి కుర్చీ ఆ సమయానికి ఖాళీ. ఇంత చక్కటి రుజువు మా పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండదు. ఆయన దాన్ని కోడి కూరతో పాటు నా ముందు పెట్టాడు. నోరు తెరిచాను. ఫోను మళ్ళీ కదిలింది, "ఇంకో ఇద్దరే మిగిలారు". పెరుగు తెమ్మన్నాను.

"మస్తు దినాలయింది సార్ బయట తిని" అన్నాడు శ్రీ, లేస్తూ. "మా పిలగాండ్లను పిలుస్త. ఎప్పుడు పిలిచినా తిన్నమంటరు. పదకొండింటికే తింటరేమో." బిల్లు నన్ను ఇవ్వనివ్వలేదు. ఆయన ఊరొచ్చి నేనే పిలిచి, ఆయన డబ్బుతో నేనే తిన్నాను. ఇంటికి తీసుకెళ్ళమని ఒక పొట్లం రొట్టెలు కూడా కట్టించాడు, మా అక్క కోసం.

మళ్ళీ గాజు గది

మేం వెళ్ళేసరికి లావణ్య రెండు పటాలు తెర మీద పక్కపక్కన పెట్టుకుని నిలబడి ఉంది. మిగతావాళ్ళు ఎవరి తెరలోకి వాళ్ళు తలలు దూర్చేశారు. ఆ పిల్ల చేతులు కట్టుకుంది, విప్పింది, మళ్ళీ కట్టుకుంది.

"శ్రీ, ఇవి ఇదివరకు కొలిచిన మన ఆఫీసు ఆరుగురివే. అదే వార్త. ఎడమవైపుది పోయిన వారంది. కుడివైపుది ఇవాళ, మీరు భోజనానికి వెళ్ళినప్పుడు."

ఎడమ పటంలో ఈశాన్యం ఎర్రగా ఉంది. కుడి పటంలో అక్కడ శుభ్రంగా నలుపు. లావణ్య కుర్చీ జరిపి, ఆయన్ని కూర్చోమంది. శ్రీ కూర్చుని గడ్డం పీట మీద ఆనించి చీకటి తెర వంక చూశాడు. అందులో హాలు కనపడుతోంది, హాలు అవతల గాజు గది, వెలుగుతున్న లైటు, దాని కింద ఖాళీ కుర్చీ.

"లైట్ ఆర్పిన్రా ఈ టెస్ట్ చేసేటప్పుడు?"

"లేదు. అలాగే ఉంది."

ఆయన ఆ ఖాళీ కుర్చీ వంకే చూస్తున్నాడు. పీట మీద గడ్డం పెట్టి నేను ఊపినట్టు తల కూడా ఊపలేదు.

కాసేపటికి లేచాడు. "రేపు రెండు పటాలు చూపెట్టు. నువ్వే ప్రెజెంట్ చెయ్యి. ఈశాన్యం స్లైడ్ తీసెయ్. డెమో అయినంక నీ కన్ఫర్మేషన్ పంపిస్త."

"సరే సార్" అంది లావణ్య.

ఆ ఆఫీసులో ఆ మాట నేను వినడం అదే మొదలు. ఎవరూ సరిదిద్దలేదు. శ్రీ తలుపు దాకా వెళ్ళి ఆగాడు. నా చేతిలో రొట్టెల పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"అయితే మీరు నాతోని తిననీకి రాలే" అన్నాడు.